మూడు కూతలా, నాలుగు కూతలా

మా ముగ్గురిలో అంట్లు తోమే పని నాది. వంట రాకపోవడం వల్ల దక్కిన ఉద్యోగం. ఆడపిల్ల పరాయి దేశానికి చదువుకి వెళ్తోందంటే వంట వచ్చే ఉంటుందని అందరూ అనుకున్నారు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

వంట మిగతా ఇద్దరిది. వాళ్ళు మేనత్త మేనమామ బిడ్డలు, ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. బయల్దేరిన రోజు పెట్టెల బరువు ఎక్కువైందని ఇంట్లోవాళ్ళు కుక్కర్‌ని ఒకరి పెట్టెలోనూ, దాని విజిల్‌ని రెండోవాళ్ళ చేతిసంచిలో పసుపు డబ్బా లోపలా కుక్కారు. విమానాశ్రయంలో తనిఖీ చేసే ఆయన పసుపు పూసుకున్న ఆ ముక్కని పైకెత్తి ఇదేంటని అడిగితే, ఎలా చెప్పాలో తెలియక ఈవిడ మూతి సున్నాలా చుట్టి మూడుసార్లు కూసి చూపించిందట. వెనక వరసలో ఉన్న వదిన, "మూడు కాదు, నాలుగు" అందట. నేను వాళ్ళకి పెట్టుకున్న పేర్లు కుక్కరమ్మ, విజిలమ్మ.

మాది చవక తిండి. కొట్టు కట్టేసే వేళకి సగం ధరకి వదిలించుకునే కూరలు, బస్తాతో కొన్న బియ్యం, ఐదు కిలోల కందిపప్పు. వాడిపోయిన పాలకూరైనా, మెత్తబడ్డ టమాటాలైనా పప్పులో పడితే మర్యాద వచ్చేది. ఆదివారం పెద్ద గిన్నెడు వండితే బుధవారం దాకా లాగేవాళ్ళం. నీళ్ళు కలిపేకొద్దీ దాని పేరు మారేది. ఆదివారం పప్పు, మంగళవారం పప్పుచారు, బుధవారానికి ఉత్త చారు.

తగువు కూతల దగ్గరే వచ్చింది. పప్పుకి నాలుగు కూతలు రావాలని కుక్కరమ్మ, మూడు చాలని విజిలమ్మ. ఒకరోజు విజిలమ్మ మూడు కూతలకే దించేస్తే పప్పు బద్దలు బద్దలుగా ఉండిపోయింది. కుక్కరమ్మ ఆ సంగతి నవ్వుతూనే వాళ్ళమ్మకి ఫోన్లో చెప్పింది. ఆవిడ తన ఆడపడుచుకి, అంటే విజిలమ్మ వాళ్ళమ్మకి చెప్పింది. "అంటే నా కూతురికి నేను వంట నేర్పలేదనా?" అని ఆడపడుచు ఫోన్ పెట్టేసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. అత్తలిద్దరూ ఎక్కడో ఉన్నారు, దుత్త మాత్రం మా వంటగదిలో ఉంది. మర్నాటికి కుక్కర్ ఒక గదిలోకి, విజిల్ ఇంకో గదిలోకి వెళ్ళిపోయాయి.

తొమ్మిది రోజులు వాళ్ళ మధ్య మాటల్లేవు. "ఉప్పు డబ్బా ఇటు పెట్టమను" అని, రెండడుగుల దూరంలో ఉన్న మనిషికి నాచేత చెప్పించేవాళ్ళు. విజిలమ్మ మామూలు గిన్నెలో పప్పు పెట్టి గంటన్నర కాపలా కాసింది. కుక్కరమ్మ రొట్టెముక్కకి ఆవకాయ పూసుకుని తిన్నది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు, మా ఇంట్లో పిల్లికి కూడా పస్తే.

పదో రోజు కుక్కరమ్మ, తన క్లాసమ్మాయి ఇంట్లో గది ఖాళీగా ఉందనీ, ఆదివారం వెళ్ళిపోతాననీ చెప్పింది. నా గుండెల్లో రాయి పడింది. కుక్కర్ పోతుందని కాదు. సరే, కొంత అందుకే. కానీ ఈ ఊళ్ళో నేను తలుపు తీసుకుని లోపలికి రాగానే "తిన్నావా?" అని అడిగేవాళ్ళు ఆ ఇద్దరే. వాళ్ళు విడిపోతే నేను ఎవరి వైపు వెళ్ళినా సగమే మిగులుతుంది.

శనివారం మధ్యాహ్నం ధైర్యం కూడగట్టుకుని రెండు తలుపులూ తట్టాను. ఇవాళ పప్పు నేనే వండుతానన్నాను. కుక్కరమ్మ కుక్కర్ చేతికిస్తూ, "ఎన్ని కూతలకి దించుతావు?" అంది. విజిల్ నా గుప్పిట్లో పెడుతూ విజిలమ్మ కూడా అదే అడిగింది. "ఎన్నొస్తే అన్ని" అన్నాను ఇద్దరితోనూ.

పప్పు కడిగాను. పాలకూర తుంచి వేశాను. నీళ్ళు పోసి మూత బిగించి పొయ్యి వెలిగించాను. రెండు గదుల తలుపులూ బెత్తెడు తెరుచుకున్నాయి. కూతలు లెక్కపెట్టడానికేనని నాకు తెలుసు.

పది నిమిషాలైంది. పావుగంటైంది. కుక్కర్ బుసలు కొడుతోంది గానీ కూయడం లేదు. చివరికి ఆగలేక ఇద్దరూ ఒకేసారి వంటగదిలోకి వచ్చారు.

"ఒక్కటీ రాలేదేంటి వదినా?" అంది కుక్కరమ్మ.

"అదే వదినా, ఇందాకట్నుంచీ నేనూ చూస్తున్నా" అంది విజిలమ్మ. అని, పొయ్యి ఆపి, నా వైపు తిరిగింది. "విజిల్ ఏదే?"

గుప్పిట విప్పాను. పోగొడితే ప్రాణం తీస్తుందని అంతసేపూ గట్టిగా పట్టుకునే ఉన్నాను. పెట్టడం మర్చిపోయాను.

"విజిల్ చేత్తో పట్టుకుని వంట చేసేదాన్ని నిన్నొక్కదాన్నే చూశా" అంది కుక్కరమ్మ.

"నీళ్ళన్నీ ఆవిరైపోతే కుక్కర్ ఏమయ్యేది?" అంది విజిలమ్మ. "అసలు పప్పు నానబెట్టావా?"

"పప్పు నానబెట్టడమేంటి?" ఈసారి అడిగింది కుక్కరమ్మ.

"మా అమ్మ అరగంట నానబెడుతుంది. అందుకే మూడు చాలు."

"మా అమ్మ కడిగి నేరుగా వేసేస్తుంది. నేనూ అంతే." కుక్కరమ్మ విజిలమ్మ వైపు తిరిగింది. "ఆ రోజు పప్పు కడిగి పెట్టింది నేను."

"నానబెట్టావనుకుని దించింది నేను."

ఇద్దరూ నవ్వలేదు. మూత తీసి, నీళ్ళు పోసి, నా చేతిలోంచి విజిల్ లాక్కుని పెట్టి, నన్ను బయటికి పొమ్మన్నారు. కూతలెన్ని వచ్చాయో నేను లెక్కపెట్టలేదు. అన్నంలో పప్పు కలుపుకుంటున్నప్పుడు మాత్రం కుక్కరమ్మ, "తనిఖీ ఆయనకి నువ్వు కూసి చూపించావు చూడూ" అంది. విజిలమ్మకి పొలమారింది.

తిన్నాక అంట్లు నావే. అన్నిటికన్నా ఆఖర్న విజిల్ చేతికొచ్చింది. దీన్ని ఏ గదిలో పెట్టాలని అడగబోయాను. హాల్లో కుక్కరమ్మ ఫోన్లో, ఆ గది ఇంకెవరికైనా ఇచ్చేసుకోమని క్లాసమ్మాయికి చెబుతోంది. విజిల్ తుడిచి కుక్కర్ మూత మీద పెట్టాను. ఈసారి మర్చిపోలేదు.