కిటికీ అవతలి మొహం

రేపల్లెలో బండి కదలగానే కనకదుర్గమ్మ మెళ్లో గొలుసు పోయింది. కిటికీ ఊచల మధ్యనుంచి ఒక చెయ్యి లోపలికొచ్చి, లాగి, మాయమైంది. ఆమె కేక పెట్టేసరికి ప్లాట్‌ఫారం వెనక్కి జరిగిపోతోంది. మెడ గీరుకుంది కానీ తెగలేదు. అదొక్కటే మేలు.

"చూశారా అన్నయ్యగారూ? వాడి మొహం చూశారా?"

ఎదురు సీట్లో ఉన్నది నేనే. "చూశాను" అన్నాను. తెల్లచొక్కా, చామనచాయ. చూశాననే అనుకున్నాను.

తెనాలిలో మావి ఎదురెదురు ఇళ్లు. నా భార్య హెలెన్ పోయిన కొత్తలో కనకదుర్గమ్మే రోజూ కారియర్ పంపింది. అడక్కుండానే, నా బీపీకి ఉప్పు తగ్గించి మరీ. హెలెన్ పుట్టిల్లు రేపల్లె, సమాధి కూడా అక్కడే. ఆ రోజు నేను సమాధుల దొడ్డికి వెళ్తుంటే, తన అక్కగారి అమ్మాయిని చూసొస్తానని ఆమె తోడొచ్చింది. నాతో వచ్చినందుకే కదా గొలుసు పోయింది అనే బాధ నాకు ఉండిపోయింది.

ఆ వారంలోనే వాళ్లబ్బాయి మధుసూదన్ ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"మావయ్యగారూ, రైల్వే పోలీసులు పంపిన ఫొటో, వీణ్ణి చూడండి. పేరు బెన్నీ. నిజాంపట్నం నుంచి చేపలేసుకొచ్చే ఆటో తోల్తాడంట. బండి కదిలే టైముకి స్టేషన్లోనే ఉన్నాడంట."

ఫోన్ దగ్గరికి తీసుకుని చూశాను. ఈ మొహం నాకు తెలుసు. అందులో అనుమానం లేదు.

"ఎక్కడో చూశాను మధూ."

"ఇంకెక్కడ చూస్తారండీ, నా మెళ్లో చెయ్యి పెడుతుంటే చూశారు!" అంది కనకదుర్గమ్మ వెనకనుంచి.

"శనివారం మనల్ని రేపల్లె రమ్మన్నారు. మీరు 'వీడే' అంటే చాలు, లోపలేస్తారు. చూసింది మీరొక్కరే కదా" అన్నాడు మధు. ఫొటో నా ఫోన్‌కి పంపి వెళ్లాడు.

అదే చేటయింది. పొద్దున కాఫీ తాగుతూ చూశాను, కూరగాయలు కోస్తూ చూశాను. చూసినకొద్దీ కిటికీ అవతలి మొహం ఫొటోలో మొహంలా స్పష్టమవుతూ వచ్చింది. రైల్లో చూసినప్పుడు మీసం ఉందో లేదో చెప్పలేనివాణ్ణి, ఇప్పుడు గడ్డం మీద మచ్చ కూడా చెప్పగలను. ఇది నాకే అనుమానంగా అనిపించింది. మచ్చ నేను ఎప్పుడు చూశాను?

కిందటేడు బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డున ఒకాయన లుంగీ పైకి కట్టి అలల్లో నిలబడి నన్ను చూసి నవ్వాడు. బాగా తెలిసిన మొహం. మాటలు కలిపాను, పల్లీలు పంచుకున్నాం, ఎవరో మాత్రం తట్టలేదు. తిరుగు దారిలో బస్సెక్కాక వెలిగింది: నెలనెలా నాకు బీపీ మాత్రలిచ్చే మందుల షాపాయన. అద్దాల బీరువా వెనక లేకపోతే ఆయన ఆయన కాడు. 'తెలుసు' అనేది మనసుకి ముందు అందుతుంది. 'ఎక్కడ' అనేది ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రాదు. రాకపోతే మనసు ఊరుకోదు. దగ్గర్లో ఏ చోటు దొరికితే అక్కడ ఆ మొహాన్ని కూర్చోబెట్టేస్తుంది.

ఇదంతా కనకదుర్గమ్మకి చెబితే ఆమె అంది, "అంటే ఏంటి, మీ మందులాయన నా గొలుసు తెంచాడా?"

శనివారం రైల్లో ఎవరిని చూసినా వీడేనేమో అనిపించింది. సమోసాలమ్మేవాడు, తలుపు దగ్గర నిలబడ్డవాడు, నిద్రపోతున్నవాడు కూడా.

పోలీసుల గదిలో బెన్నీని బల్ల పక్కన నిలబెట్టారు. పాతికేళ్లు దాటని కుర్రాడు. ఒకసారి నన్ను చూసి చటుక్కున తల దించేశాడు.

"చూశారా? మీ కళ్లల్లోకి చూడలేకపోతున్నాడు" అంది కనకదుర్గమ్మ.

నాకూ అదే అనిపించింది. దొంగ కాకపోతే ఎందుకు దాక్కుంటాడు?

"తలెత్తరా" అంటూ హెడ్ కానిస్టేబుల్ వెంకట్రామయ్య వాడి కుడి భుజం మీద బరువుగా చెయ్యి వేశాడు. ఆ బరువుకి బెన్నీ తల ఎడమవైపు ఒరిగింది. నుదుటి నరం ఉబ్బింది.

అప్పుడు తెలిసింది. నా జ్ఞాపకంలో ఈ మొహానికి ముందు ఊచల్లేవు. పక్కన చెక్క ఉంది. నున్నగా పాలిష్ చేసిన చెక్క, దానికి ఆనుకుని ఈ చెంప. శవపెట్టెని బండెక్కించకుండా దొడ్డిదాకా మోసుకెళ్లడం అక్కడి చర్చి సంఘం పద్ధతి. ఆ రోజు తెల్లచొక్కాల కుర్రాళ్లు హెలెన్‌ని మోస్తుంటే పక్కన నడుస్తూ నేను తూలాను. వాళ్లలో ఒకడు భుజం దించకుండానే రెండో చేత్తో నా మోచెయ్యి పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి వాడి మొహం చూశాను. మళ్లీ కనపడలేదు. పేరు కూడా అడగలేదు.

"నువ్వు మా హెలెన్ పెట్టె మోశావు కదూ?"

బెన్నీ తలూపాడు. "మోశానండి."

"ముందే చెప్పలేదేం బాబూ?"

"మీరు చూశానన్నారంటండి. నన్ను గుర్తుపడితే దొంగంటారేమోనని... గుర్తుపట్టకపోతేనే మంచిదనుకున్నానండి."

కనకదుర్గమ్మ లేచి నిలబడింది. "పెట్టె మోసినవాడు గొలుసు తెంచకూడదని ఉందా?"

న్యాయమైన ప్రశ్నే.

"తెంచాడో లేదో నాకు తెలియదమ్మా. ఈ మొహం నాకు తెలిసింది సమాధుల దొడ్డి దారిలో. కిటికీ దగ్గర నేను చూసింది చెయ్యీ, తెల్లచొక్కా. మొహం చూశానని అప్పుడు పొరపాటుగా అన్నాను."

వెంకట్రామయ్య పెన్ను మూత పెట్టేశాడు. "సార్ చూడలేదంటే ఇంక మా దగ్గర ఏమీ లేదు. వెళ్లరా. పిలిస్తే రావాలి."

బెన్నీ నాకు దండం పెట్టలేదు. కృతజ్ఞతలు చెప్పలేదు. గుమ్మం దాటాక పరిగెత్తాడు. వాడు పరిగెత్తిన తీరు చూసి నాకు మళ్లీ ఒక్కక్షణం అనుమానం వచ్చింది, అబద్ధమెందుకు.

తిరుగు బండిలో మధు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. కనకదుర్గమ్మ కిటికీ పక్క సీటు వదిలేసి, లోపలివైపు నా ఎదురుగా కూర్చుంది. నా మొహంలోకే చూస్తోంది, ఈయన ఎవరి వైపు అని తేల్చుకుంటున్నట్టు.

వేమూరు దాటాక అడిగింది, "వాడే అయితే?"

"అయితే నా వల్ల తప్పించుకున్నాడమ్మా."

ఆమె తల పంకించింది. క్షమించిందో, గుర్తుపెట్టుకుందో, ఆ మొహం చూసి నేను చెప్పలేకపోయాను.