ఉప్పు లేని డబ్బాలు

తూనికల ఇన్‌స్పెక్టరమ్మకు కాటా మీద ఉన్న నమ్మకం నాలుక మీద లేదు. వంటలో ఉప్పు కూడా తూచి వేసే మనిషి. నవ్వేవాళ్లు నవ్వుకున్నారు గానీ, ఆ తూకమే తన భర్తను రెండేళ్లు నిలబెట్టిందని ఆమె గట్టి నమ్మకం. గుండె డాక్టరు వద్దన్నవన్నీ వండటం మానేసింది, ఇంతే వేయమన్నది అంతే వేసింది. అయినా నాలుగు నెలల కిందట ఆయన పోయాడు. ఆ రోజు నుంచి ఆమె ఏడవలేదు. ఏడుపు రావడం లేదన్న దిగులు కూడా లేదు. లేస్తోంది, పనికి వెళ్తోంది, వస్తోంది. అంతే.

ఇంతలో ఐదు రోజుల క్యాంపు పడింది. వేరే ఊళ్లో మిల్లుల కాటాలన్నీ పరీక్షించి రావాలి. ఇదివరకు క్యాంపుకు వెళ్తే ఇంట్లో ఆయన ఉండేవాడు. ఇప్పుడు పదిహేడేళ్ల కూతురు ఒక్కతే. తల్లికంటే నాలుగు వేళ్లు ఎత్తు పెరిగినా ఇంట్లో దాని పేరు ఇంకా బుడంకాయే, తండ్రి పెట్టింది.

"ఐదు రోజులా? పిల్లని ఒక్కదాన్నే వదిలేసా? గుండె రాయి చేసుకున్నావమ్మా," అంది పై వాటా పెద్దావిడ. రాయో మరొకటో, అసలు అక్కడ ఏమైనా ఉందో లేదో ఇన్‌స్పెక్టరమ్మకే తెలియలేదు. తాళంచెవి ఒకటి ఆవిడ చేతిలో పెట్టి వచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం వంటకు కూర్చుంది. క్యాంపుకు ముందు ఆమె పద్ధతి ఒకటే. ఏ రోజు భోజనం ఆ రోజు డబ్బాలో సర్ది, కాటాలు పరీక్షించాక అంటించే ఆకుపచ్చ స్టిక్కరు మీద ఏ రోజుదో, ఎవరిదో రాసి అంటించడం. ఆఫీసు సొత్తు ముట్టుకోకూడదని పదిమందికి నీతులు చెప్పే ఆవిడ ఈ ఒక్క విషయంలో మాత్రం చూసీ చూడనట్టు పోయేది. ఆమె రాసి ఇస్తుంటే బుడంకాయ ఒక్కో డబ్బా అందుకుని ఫ్రిజ్‌లో పెట్టింది.

మంగళవారం ఒక మిల్లు గేటు దగ్గర, లారీలు తూచే కాటా పరీక్షించి స్టిక్కరు మీద తేదీ రాస్తుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆదివారం తను రాసినవి ఐదు కాదు, పది. సోమ, అమ్మాయి. సోమ, ఆయన. మంగళ, అమ్మాయి. మంగళ, ఆయన. రెండేళ్ల అలవాటు. పొయ్యి మీద రెండు గిన్నెలు పెట్టింది, ఒకదాంట్లో మామూలు కొలతలో ఉప్పు వేసింది, రెండోదాంట్లో తూచి చిటికెడు వేసింది. చేతులు పని చేసుకుపోయాయి, మనిషి అక్కడ లేదు.

"ఏమైనా తేడా వచ్చిందా మేడమ్?" అన్నాడు మిల్లు గుమాస్తా కంగారుగా.

"లేదండీ. సరిగ్గానే ఉంది."

సాయంత్రం ఇంటికి ఫోను చేసింది.

"తిన్నావటే?"

"తిన్నా."

"బాగుందా?"

"ఊఁ."

"ఇంకేంటి?"

"ఏం లేదమ్మా. ఉంటా."

బుధవారం అవే మాటలు. గురువారం కూడా. ఏ డబ్బా తింటున్నావని ఒక్క ప్రశ్న వేస్తే తేలిపోయేది. కానీ ఒంటరిగా ఉన్న పిల్ల, ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ పోయిన తండ్రి భోజనం చూస్తోంది. ఆ మాట ఎత్తితే ఫోనులో భోరుమంటుందేమోనని భయం. అది అంత ఏడ్చినా తనకు మాత్రం ఏమీ అనిపించదేమోనని అంతకంటే పెద్ద భయం.

శుక్రవారం మధ్యాహ్నం ఇల్లు చేరింది. చెప్పులైనా విడవకుండా వంటగదిలోకి నడిచింది. సింకు పక్కన నాలుగు డబ్బాలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఆ స్టిక్కర్లు పీకితే ముక్కలవుతాయే తప్ప కడిగితే ఊడవు. నాలుగింటి మీదా చక్కగా కనిపిస్తోంది: ఆయన, ఆయన, ఆయన, ఆయన. ఫ్రిజ్ తీసింది. అమ్మాయి డబ్బాలు ఐదూ మూత తీయకుండా అలాగే ఉన్నాయి. వాటి పక్కన ఒక్కటి, శుక్ర, ఆయన.

బుడంకాయ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పొరపాటున రాశానే," అంది తల్లి. "చెయ్యి అలవాటైపోయి..."

"తెలుసు. నువ్వు రాస్తుంటేనే చూశా."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబితే తీసేస్తావుగా."

ఇన్‌స్పెక్టరమ్మ ఆయన పేరుతో మిగిలిన ఆ ఒక్క డబ్బా తీసి వేడిచేసింది. రెండు చెంచాలు తెచ్చి బల్ల దగ్గర కూర్చుంది. రెండేళ్లు రోజూ వండింది గానీ, ఆ వంట ఆమె ఒక్కసారీ నోట పెట్టుకుని చూడలేదు. తూచి వేసినదాన్ని రుచి చూడటమెందుకు? ఇప్పుడు ఒక ముద్ద పెట్టుకుంది. చప్పగా ఉంది. నోట్లోంచి గొంతులోకి దిగనంత చప్పగా ఉంది.

"ఇదటే ఆయన తిన్నది? రోజూ బాగుందనేవాడే!"

"నాతో గడ్డిలా ఉందనేవాడు. నీకు చెబితే చంపేస్తానన్నాడు."

తల్లికి నవ్వొచ్చింది. రెండో ముద్దకు చెంచా ఎత్తి ఆగింది. అది గమనించి కూతురు ఉప్పు డబ్బా ముందుకు జరిపింది.

"వేసుకో అమ్మా. నాలుగు రోజులు తిన్నాను కాబట్టి నాకు అలవాటైపోయింది."

ఆమె ఉప్పు డబ్బా ముట్టుకోలేదు. ఒక్కో ముద్దే మింగుతూ తన సగం అడుగంటా తినేసింది. చెంచా కింద పెట్టింది.

"బాగుంది," అంది.

కూతురు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత బల్ల మీద తల వాల్చి, నాలుగు నెలలుగా దాచుకున్నదంతా ఏడ్చేసింది. తల్లి కుర్చీ దగ్గరగా లాక్కుని దాని వీపు నిమురుతూ కూర్చుంది. కళ్లు పొడిగానే ఉన్నాయి. చెయ్యి మాత్రం ఎంతసేపటికీ ఆ వీపు మీంచి తీయలేదు.