దొంగ కోత

మా ఊళ్లో గొర్రెపిల్లల చెవులు కోసేది నేనే. ఏ ఇంటి గుర్తు ఆ ఇంటిది. మా అన్న గురవయ్య గొర్రెలకు ఎడమ చెవి కొన మొత్తం తీసేస్తాం. మా ఊళ్లోనే నాకు వరసకు వదినయ్యే ఆదెమ్మ గొర్రెలకు అదే కొన మీద చిన్న గాటు పెడతాం. కొన తీసేస్తే గాటు ఎక్కడుంటుంది? నిరుడు మా అన్న నాతో చేయించింది ఆ పనే.

వానల్లో ఆదెమ్మ గొర్రెలు తొమ్మిది అడవిలో మా మందతో కలిసిపోయాయి. "కొనలు తీసెయ్ మాలకొండా, ఇంక మనయే," అన్నాడు. తీసేశాను. పెద్దమనుషులు పిలిచి అడిగితే, అవి మా అన్నవేనని చెప్పాను. మొగుడు పోయి పుట్టింటికొచ్చిన నాకు కూడు పెట్టినవాడు. కాదనే నోరు నాకెక్కడిది? ఆదెమ్మకు ఉన్నవే ఆ తొమ్మిది. అవి పోయాక మార్కాపురం పలకల క్వారీకి కూలికి పోయింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు మహాతల్లి. ఏడాదిగా నాకు ముద్ద దిగితే ఒట్టు.

మొన్న ఆదివారం మళ్లీ చెవులు కోసే పని పెట్టుకున్నాం. పొద్దున్నే పెద్దమనుషులూ వచ్చారు. అన్న మొదటి పిల్లను నా ముందుకు తెచ్చాడు. నేను కత్తి తీయలేదు.

"ఆదెమ్మ గొర్రెలు ఎప్పుడిస్తావు అన్నా?"

"ఏందే, ఎండ తగిలిందా?"

పెద్దమనుషుల వైపు తిరిగాను. "నిరుడు అబద్ధం చెప్పినా. గాటు కనపడకుండా కొనలు తీసింది నేనే. పిల్లప్పుడు కోస్తే అంచు పల్చగా మానుతాది. ముదురు చెవి కోస్తే గడ్డకడతాది. తడిమి చూడండి."

తడిమి చూశారు. ఒక్కరూ కాదనలేదు.

"నా తోడబుట్టినదానివేనా నువ్వు?" అన్నాడు అన్న.

"తోడబుట్టినా కాబట్టే ఏడాది నోరు మూసుకున్నా. ఇంక చాలు."

"నా ఇంట్లో అడుగు పెట్టినావంటే కాళ్లిరగ్గొడతా."

"పెట్టను పో."

తొమ్మిదింటినీ ఏరి నేనే తోలుకుపోయాను. ఆదివారం క్వారీకి సెలవు, ఆదెమ్మ ఇంటి ముందు కూర్చుని ఉంది. లేచి ఒక్కో గొర్రె చెవీ పట్టుకు చూసింది. నా మొహం వంక మాత్రం చూడలేదు.

"గుర్తు లేకుండా చేస్తివి గదా. రేపు మీ అన్న మళ్లీ మావే అంటే?"

"నన్ను పిలువు వదినా. ఎవురి ముందరైనా వచ్చి చెప్తా, దొంగ కోత నాదేనని."

"నీ మాట ఎవురు నమ్ముతారు?"

నిజమే. నమ్మరు. ఆ మాటకు నాకు సిగ్గేసింది, అయినా తల దించుకోలేదు.

"నమ్మిందాకా చెప్తా," అన్నాను.