వినే మనిషి: ఒకరు

ఆ బడిలో ఆవిడ చెప్పే పాఠం అంటూ ఏదీ లేదు. పిల్లల్ని ఉద్యోగాలకు జత చెయ్యడమే ఆవిడ పని. పక్కనున్న కాగితం మిల్లుకు ఏడాదికి ఎవరెవరు కావాలో కనుక్కోవడం, ఆ పనికి తగిన పిల్లల్ని ఏరడం, మిల్లు మనుషుల్నే బడికి రప్పించి పని నేర్పించడం, చివర్న పరీక్ష పెట్టి అప్పగించడం. అందుకని పిల్లలు చాటుగా ఆవిణ్ణి పెళ్ళిళ్ళ పేరమ్మ అనేవారు. విననట్టే ఊరుకునేది గానీ లోలోపల మురిసిపోయేది. చదువైపోయి గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నవాళ్ళు తన బడి నుంచి ఒక్కరూ లేరని ఆవిడ గొప్ప.

మిల్లు జాబితా ఏటా బడి తెరిచిన వారంలో వచ్చేది. ఒక్క పేజీ, ఏ పనికి ఎంతమందో. మిగతా పనులకు మామూలుగా నలుగురూ ఐదుగురూ అడిగేవారు. అట్టడుగున మాత్రం ప్రతి ఏడాదీ ఒకే ఒక్క మనిషి. ఈసారి కొత్త జాబితా ఫైల్లో పెట్టబోతూ, తీరిక దొరికింది కదా అని పాతవి కూడా ముందేసుకుని చూసింది. చూడకపోయినా బాగుండేది.

మొదటి ఏడాది అట్టడుగున 'బాయిలర్ దగ్గర: ఒకరు' అని ఉంది. అప్పటికి బాయిలర్ దగ్గరున్నాయనకు నలభై ఆరేళ్ళు, గుండ్రాయిలా ఉండేవాడు. పిల్లవాడు పాసై చేరిన నాలుగో రోజున ఆయన కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. రెండో ఏడాది 'గుజ్జు తొట్టి దగ్గర: ఒకరు.' కొత్త కుర్రాడు చేరగానే ఆ తొట్టి ఆయన మెట్ల మీద కూలబడి మళ్ళీ లేవలేదు. మూడో ఏడాది తూకం గది. అక్కడ పనిచేసినావిడ కొత్తగా వచ్చిన అమ్మాయి చేతిలో తాళాలు పెట్టి, నవ్వుతూ ఇంటికెళ్ళింది. తెల్లారేసరికి లేదు. పోయినేడు 'కత్తిరింపు మిషన్ దగ్గర: ఒకరు' అన్నారు. నేర్చుకున్న కుర్రాడు పరీక్ష తప్పాడు. ఆ మిషన్ మీదున్నాయన ఇప్పటికీ నిక్షేపంలా తిరుగుతున్నాడు.

ఈ ఏడాది జాబితా అట్టడుగున 'బేరింగులు వినే మనిషి: ఒకరు' అని ఉంది. మొత్తం మిల్లులో ఆ పని చేసేది ఒక్కడే. ఆయన ఆవిడ మొగుడు.

కాగితాన్ని ఆరబెట్టే రోలర్లు ఆ మిల్లులో అరవై దాకా ఉన్నాయి. వాటి రెండు చివర్లా బేరింగులు. బేరింగు పాడైతే రోలరు ఊడిపడి పక్కనున్నవాళ్ళ చేతులు పోతాయి. అలా కాకుండా మూరెడు స్క్రూడ్రైవరు కొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏం జరుగుతోందో ఒక మనిషి వింటూ ఉండాలి. ఇరవై మూడేళ్ళుగా ఆయన అదే వింటున్నాడు. ఇంట్లో పెళ్ళాం పదిసార్లు చెప్పినా చెవికెక్కదు గానీ, బేరింగులో ఇసుక రేణువంత తేడా వస్తే మాత్రం గుమ్మంలోంచే పట్టేస్తాడు.

ఆవిడ మిల్లు ఆఫీసుకు వెళ్ళి అడిగింది. ఆఫీసరమ్మ మహా మర్యాదస్తురాలు, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మిగతా పనుల లెక్క తామే వేస్తామనీ, అట్టడుగు వరుస ఒక్కటీ తాము రాసేది కాదనీ, వచ్చింది వచ్చినట్టు టైపు చేసి పంపుతామనీ చెప్పింది. ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగితే నవ్వేసి, కాఫీ తాగుతారా అంది.

దీనికి తోడు నేర్పడానికి ఆవిడ మొగుడే ముందుకొచ్చాడు. వారానికి రెండు మధ్యాహ్నాలు బడి వర్క్‌షాపులో పిల్లల్ని నిలబెట్టి వినడం నేర్పేవాడు. పిల్లలు ఆయన్ని మాస్టారు అనేవారు. ఫ్యాను, సానరాయి, నీళ్ళ గొట్టం, చివరికి గోడ. అందరిలోకీ ఒక బక్కపలచటి అమ్మాయికి పట్టుబడింది. ఆయన ఆ పిల్లకు పాముచెవులు అని పేరు పెట్టాడు. బడంతా అదే పిలుపు.

మూడు నెలలయ్యేసరికి ఆ పిల్లకు స్క్రూడ్రైవరు అక్కర్లేకపోయింది. వరండాలో ఎవరో వస్తుంటే తల తిప్పకుండానే, హెడ్‌మాస్టరుగారి ఎడమ మోకాలు వస్తోందనేది. పక్కన కూర్చున్న పిల్లతో, నీ పన్ను ఒకటి లోపల పుచ్చిందే అంది. వారం తిరక్కుండా ఆ పిల్ల దవడ పట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత పాముచెవుల పక్కన కూర్చోవడానికి ఎవరూ రాలేదు. ఎవరైనా దగ్గరికొస్తే తనే కళ్ళు దించుకుని తప్పుకునేది. మాస్టారు వస్తే మాత్రం తప్పుకునేది కాదు. ఆయన ఛాతీ వంకే చూస్తూ ఉండేది. పేరమ్మ టీచరుకు ఆ చూపు చూస్తే ఒళ్ళు జలదరించేది.

పరీక్షలో చేత్తో చేసే పనికి ఆయన మార్కులేశాడు, నూటికి తొంభై ఎనిమిది. నోటి ప్రశ్నలు ఆవిడవి. ఆ పిల్ల ఒక్కదానికీ తడుముకోలేదు. ఆవిడ ఇరవై రెండు వేసింది. రెండింట్లోనూ ముప్పై ఐదు వస్తే గానీ పాసు కాదు. పరాయి పిల్ల నోటికాడి కూడు లాగేస్తున్నానని తెలిసే వేసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, అయినా వేసింది. మొగుడు బతకాలి. అంతకు మించిన న్యాయం ఆ క్షణాన ఆవిడకు తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఆ పిల్ల ఆవిడ గదికొచ్చింది. మార్కుల కాగితం సంతకం కోసం బల్ల మీదే ఉంది. గోడకు అవతల వర్క్‌షాపులో మాస్టారు పనిముట్లు సర్దుతున్నాడు. ఏడవడానికో, బతిమాలడానికో వచ్చిందనుకుంది ఆవిడ. ఆ పిల్ల రెండూ చెయ్యలేదు. ఎక్కడ తప్పు చెప్పానో చెబితే మళ్ళీ నేర్చుకుంటానంది.

"నీకు సరిగా వినపడటం లేదమ్మా," అంది టీచరు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, చూపు బల్ల మీదే ఉంచింది.

"వినపడుతోంది టీచర్. మీరు నన్ను ఎందుకు తప్పించారో కూడా తెలుసు. ఆ జాబితా చూసి భయపడ్డారు."

టీచరు మార్కుల కాగితం మీద అరచెయ్యి కప్పింది.

"ఆ అట్టడుగు వరుస మిల్లు వాళ్ళు రాసింది కాదు టీచర్. ఎవరికి తెలిసిపోతే వాళ్ళే వెళ్ళి రాయిస్తారట. బాయిలరాయన, తూకం గది ఆవిడ, అందరూ అంతేనట. కత్తిరింపు మిషన్ ఆయన కూడా. మనిషి కుదరలేదు కదా, అందుకని ఆగాడంట. మాస్టారు కూడా తన పని తనే వెళ్ళి రాయించారు."

"ఏం తెలిసిపోతే?"

ఆ పిల్ల గోడ వంక ఓసారి చూసి చెప్పింది. ఒకరోజు మాస్టారు వేళాకోళానికి, ఇదీ ఓ మిషనే వినవే అంటూ స్క్రూడ్రైవరు కొన తన ఛాతీకి ఆనించుకున్నాడట. పిడి దగ్గర చెవి పెట్టి తను ఏడ్చేసిందట. ఆయన నవ్వి, నాకు ముందే తెలుసులే, అన్నాడట. టీచరుకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట. చెబితే రేపే మిల్లు మానిపిస్తుంది, వినేవాళ్ళు లేకపోతే ఆ రోలర్ల దగ్గర ఎంతమంది చేతులు పోతాయో, నువ్వు తయారయ్యాక నేనే మానేస్తాను, అన్నాడట.

"అప్పట్నుంచీ నాకు అది వినిపిస్తూనే ఉంది టీచర్. స్క్రూడ్రైవరు లేకపోయినా. ఇప్పుడు కూడా."

నిన్న తను చేసిన పనేమిటో ఆవిడకు ఒక్కసారిగా కళ్ళకు కట్టింది. ఈ పిల్ల తప్పితే ఆయన ఇంకో ఏడాది ఆ రోలర్ల దగ్గరే నిలబడతాడు, ఆ గుండెతోనే. పాసైతే ఈ పూటే మానిపించి ఆసుపత్రికి తీసుకుపోవచ్చు. ఇంతా చేసి, కాపాడుతున్నాననుకుంటూ మొగుణ్ణి ఆ మిషన్‌కు కట్టేస్తున్నది తనే. ఇంత తెలివితక్కువదాన్ని పేరమ్మ అని నెత్తిన పెట్టుకున్నారే అని తన మీద తనకే మంటెత్తింది.

కలం తీసింది. ఇరవై రెండు కొట్టేసింది. తొంభై వేసింది. దాని కింద సంతకం పెట్టి, కాగితం ఆ పిల్ల వైపు తోసింది.

"రేపటి నుంచి నువ్వెళ్ళు. నేనాయన్ని ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను," అంటూ సంచీ అందుకుంది.

ఆ పిల్ల కాగితం ముట్టుకోలేదు. గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. మెల్లగా వెళ్ళి గోడకు చెవి ఆనించింది. తర్వాత అరచెయ్యి ఆనించింది. అవతల పనిముట్ల చప్పుడు లేదు.

"ఏమైందే?" అంది టీచరు.

"ఇప్పుడు వినపడటం లేదు టీచర్."