పూచీ పడ్డవాళ్ళు

పొద్దున్నే ఫైనాన్స్ కంపెనీ సలహాదారు నలుగురు ఆడవాళ్ళను తీసుకొచ్చి బుజ్జమ్మ గుమ్మం ముందు కూర్చోబెట్టాడు. నలుగురిదీ బుజ్జమ్మ చేసే పనే: ఫ్యాక్టరీకి పోయే తల్లుల పిల్లల్ని తమ ఇళ్ళలో ఉంచుకుని సాకడం. ఐదుగురూ ఒకరికొకరు పూచీ పడి అప్పు తీసుకున్నారు. బుజ్జమ్మ వాయిదా తప్పింది. ఆమె కట్టేదాకా మిగతావాళ్ళు అక్కణ్ణుంచి కదలకూడదని అతని హుకుం.

"బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారేంటి? అడగండి. లేకపోతే ఆవిడ బాకీ మీ నెత్తినే పడుతుంది."

వాళ్ళలో పెద్దక్క తలెత్తలేదు. తను సాకే పిల్లల్ని అత్తగారి మీద వదిలేసి వచ్చింది. నిజానికి మొదట్లో ఆ అప్పు మేలే చేసింది. ఆ డబ్బుతోనే గదికి కిటికీ పెట్టించింది, పరుపులు కొంది. నెలకు ఎంత అడగాలో, ఖర్చు ఎలా చూసుకోవాలో ఈ సలహాదారే నేర్పాడు. పోనుపోను సలహా కాస్తా ఆజ్ఞ అయింది. ఆయాను మాన్పించు, పదిమంది గదిలో ఇరవైమందిని కుక్కు, లేకుంటే మలి అప్పు లేదు. మలి అప్పు లేనిదే తొలి అప్పు తీరదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెద్దక్క ఆయాను మాన్పించింది. బుజ్జమ్మ మాన్పించలేదు, అందుకే ఆమెకు మలి అప్పు రాలేదు. ఆమె మంచితనం తన మెడకు ఉరైందని పెద్దక్కకు ఒళ్ళు మండింది కూడా.

లోపల పసిపిల్ల ఏడుపు ఎక్కువైంది. మరో ఏడుపు తోడైంది. పెద్దక్క ఇక కూర్చోలేక లేచి తలుపు తట్టింది.

"తలుపు తియ్యవే. తిట్టడానికి కాదు. ఆ పిల్లనిలా ఇయ్యి."

వెనకే ముగ్గురూ లోపలికి నడిచారు. ఒప్పందంలో ఇది లేదని సలహాదారు అడ్డొచ్చాడు.

"ఒకరికొకరం పూచీ అని సంతకాలు పెట్టించింది నువ్వే కదయ్యా," అంది పెద్దక్క, పిల్లను భుజాన వేసుకుని.

సాయంత్రం పిల్లల కోసం వచ్చిన తల్లులందరితో బుజ్జమ్మ వాకిట్లోనే మీటింగు జరిగింది. మీ అప్పులతో మాకేం పనని ఒక తల్లి కసిరింది.

"నీ బిడ్డ ఏడిస్తే ఎత్తుకోడానికి చెయ్యి ఖాళీ ఉండదు. అదీ నీకు పని," అంది పెద్దక్క.

చాలాసేపు వాదించుకున్నారు. రోజు కూలి పోతుందని కొందరు, ఇల్లు జప్తవుతుందని కొందరు భయపడ్డారు. చివరికి అందరూ ఒక మాట మీదికొచ్చారు. అప్పు తీరుస్తాం, గడువు కావాలి. గదిలో ఎందరు పిల్లలుండాలో మేమే చెబుతాం. ఆ మాటకు ఫైనాన్స్ ఆఫీసు ఒప్పుకునేదాకా ఐదుగురూ పిల్లల్ని చేర్చుకోరు, తల్లులు పనికి పోరు.

తెల్లవారగానే ఫైనాన్స్ వాళ్ళ ఫిర్యాదు మీద పోలీసులు వచ్చి, అప్పు ఎగ్గొట్టమని జనాన్ని రెచ్చగొట్టిందంటూ పెద్దక్కను జీపెక్కించారు. జీపు తలుపు మూశారు.

జీపు వీధి మలుపు దాకా పోయి ఆగింది. రోడ్డు నిండా ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు. డ్రైవరు హారన్ కొట్టాడు. పిల్లలు ఉలిక్కిపడి ఒక్కసారిగా ఏడుపందుకున్నారు. తల్లులు వాళ్ళను ఊరుకోబెడుతూ ఉన్నచోటే నిలబడ్డారు. బుజ్జమ్మ ముందుకొచ్చి, చంకలో పిల్లను దించి పక్కనున్నామెకిచ్చి, జీపు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.