యాదవ్వ వద్దన్న మిషను

మూడో మిషను కడుపులో నూనె చుక్క వేసి, చక్రాన్ని అరచేత్తో తిప్పుతూ, యాదవ్వ చెవి ఆనించి వింది. గరుకు పోయింది. పాత చీరముక్కతో దాని వీపు తుడిచి నాలుగో మిషను దగ్గరికి జరిగింది. లేచి నడవడానికి ఆ గదిలో చోటు లేదు. పీటమీద కూర్చునే పక్కకు దొర్లాలి.

పొయ్యి అంటించకముందే రోజూ చేసే పని ఇది. ఆమె కుట్టేది ఒక్క మిషను మీదే. మిగతావన్నీ ఊరికే కూర్చున్నవే. "తిని పండే చుట్టాలు" అంటుంది పక్కింటి సత్తమ్మ. రాత్రి ఆ చుట్టాల మధ్య కాళ్ళు ముడుచుకొని యాదవ్వ నిద్రపోతుంది.

నలభై దాటిన సన్నటి మనిషి. ఏళ్ళ తరబడి వంగి కుట్టడంతో మెడ కొంచెం ముందుకు సాగింది. చూపుడువేలి గోట్లో ఎప్పుడో సూది దిగిన నల్లమచ్చ ఉంది. రవిక ఎదమీద రెండు సూదులు గుచ్చుకొని తిరుగుతుంది. మొగుడు సిరిసిల్లలో మగ్గం నేసేవాడు. భీవండి మిల్లుల్లో పని దొరుకుతుందని రైలెక్కి, తిరిగి రాలేదు. ఆమె మంచిర్యాల వచ్చింది. బొగ్గుబాయి కూలీల చేతుల్లో జీతం ఆడుతోంది, వాళ్ళ ఆడవాళ్ళకు రవికలు కావాలి.

మొదటి మిషను పోలీసు చర్య జరిగిన ఏడాది దొరికింది. ఊరు విడిచి వెళ్తున్న ఒక కుటుంబం బండిలో చోటు చాలక, చీర ధరకు ఇచ్చేసింది. అప్పటినుంచి ఏ ఇంటిముందు సామాను బండి ఆగినా యాదవ్వ అక్కడ ఉండేది. బదిలీ అయిన పోలీసు అమీను ఇంటిది ఒకటి, ఆదిలాబాద్ పత్తిమిల్లు సేటు భార్యది ఒకటి. పాత మిషను చౌకగా కనబడితే ఆమె నోటికి 'వద్దు' అనే మాట రాదు. కొన్నదాన్ని అమ్మనూ లేదు.

ఇన్నాళ్ళకు వాటన్నిటికీ ఒక దారి దొరికింది. స్టేషన్ రోడ్డు మీద ఆనందమ్మ గది ఖాళీ అవుతోంది. ఆనందమ్మ మిషనరీల ఆసుపత్రిలో మంత్రసానిగా చేసి పని దిగిపోయింది. ఈ సాయంత్రం బండికి మెదక్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ గదిలో మిషన్లన్నీ వరసగా వేసి, ఒక్కోదాని ముందు ఒక్కో ఆడమనిషిని కూర్చోబెట్టి కుట్టించాలని యాదవ్వ ఆశ. మధ్యాహ్నంలోగా బయానా తెచ్చినవాళ్ళకు తాళంచెవి. లేకపోతే ఖాకీ బట్టలు కుట్టే దర్జీ లింగమూర్తి పైసలతో సిద్ధంగా ఉన్నాడు.

బయానా సొమ్ము యాదవ్వ బొడ్డుసంచిలో ఉంది. సరిగ్గా సరిపోయేంతే.

అప్పుడే వీధిలో గంట మోగింది. పాత సామాన్ల హనుమండ్లు తోపుడుబండి!

యాదవ్వ తలుపు వేసుకుందామనుకుంది. ఆలస్యమైపోయింది.

"యాదక్కా! జర బయటికి రా. నీ కోసమే తెచ్చిన."

"నాకేం వద్దురా తమ్మీ, పో."

"కొనకు. చూడు. చూస్తే కండ్లరుగుతయా?"

చూసింది. అదే తప్పయింది.

పగిలిన లాంతర్లు, సొట్టలు పడ్డ బిందెల మధ్య ఒక చేతి మిషను. నల్లటి ఒంటిమీద బంగారు పూలతీగ ఒక్క రేకు చెరగలేదు. పక్క రేకు జరిపితే లోపల దారం కండె పెట్టే, పడవలాంటి పొడుగు షటిల్. ఈ రకం కోసం ఆమె పదేళ్ళుగా వెతుకుతోంది. చక్రం తిప్పింది. వెన్నలో వేలు దిగినట్టు తిరిగింది.

"బోణి బేరం అక్కా. పొద్దుగాల్నే ఉత్త చేతుల్తోటి పంపకు. ఎంతిస్తవో చెప్పు."

బోణి అంటే హనుమండ్లుకు దేవుడితో సమానం. మొదటి గిరాకి ఇచ్చిన పైసలు తక్కెడకు తాకించి, కళ్ళకద్దుకొని, తలకు చుట్టిన రుమాలు మడతలో దోపుకుంటాడు. పొద్దు గూకేదాకా తియ్యడు. తర్వాతి పైసలన్నీ సంచిలోకి. ఆ బజారుకు ఇంకో కట్టు కూడా ఉంది. బోణి బేరంలో కొనేవాళ్ళు ధర చెప్పాక, అమ్మేవాడు సరేనంటే కొని తీరాలి. తప్పితే వీధిలో తల ఎత్తుకోలేరు. అందుకే కొనడం ఇష్టం లేనివాళ్ళు, అమ్మేవాడు చచ్చినా ఒప్పుకోని ధర ఒకటి చెప్పి తప్పుకుంటారు.

యాదవ్వ కూడా అదే చేసింది.

"ముప్పై ఇస్త."

ఆ మిషనుకు ముప్పై అంటే, చక్రం ధరకు ఎడ్లబండిని అడిగినట్టు. హనుమండ్లు బండి తోసుకుంటూ పోవాలి.

"తీస్కో అక్కా!"

ముప్పై పోతే బయానా చాలదు. గది లింగమూర్తిదే.

ఇంటిముందు కల్లాపి చల్లుతున్న సత్తమ్మ చెంబు అక్కడే దించి వచ్చింది. "ముప్పైకే ఇస్తున్నవా? గట్లయితే మా ఇంటాయనను గూడ తోల్కస్త, బండిల ఏసుకపో!"

చుట్టూ నలుగురు చేరారు, నవ్వారు. హనుమండ్లు మాత్రం నవ్వలేదు. "మాటంటే మాటే. ముప్పై తియ్యి అక్కా."

యాదవ్వ చెయ్యి బొడ్డుసంచి మీదికి వెళ్ళింది. ముడి మీద వేళ్ళు ఆగాయి. పగిలిన చిమ్నీకి కూడా అణా అణా గుంజే మనిషి. 'గిట్టదక్కా' అని ఒక్కసారైనా అనకుండా వదిలాడంటే?

ముడి వదిలేసి షటిల్ బయటికి లాగింది. లోపలి కండెకు చుట్టిన దారం కొత్తది. ఖాకీ దారం.

ఆ ఊళ్ళో ఖాకీ కుట్టేది ఒక్కడే.

ఆమె మెల్లగా తలెత్తి హనుమండ్లు రుమాలు చూసింది. ఎడమ చెవిపైన మడత ఉబ్బి ఉంది.

"హనుమండ్లూ, నాదేనా బోణి?"

"నీదే. నీ మీదొట్టు."

"నా మీద ఎందుకు? నీ తక్కెడ పట్టుకొని చెప్పు."

హనుమండ్లు చెయ్యి తక్కెడ దాకా వెళ్ళి, కాలినట్టు వెనక్కి వచ్చింది.

"రుమాలు ఇప్పు."

"అక్కా, నలుగుట్ల రుమాలు ఇప్పమంటే ఇజ్జత్..."

సత్తమ్మ చెయ్యి అంతకన్నా ముందుంది. ఒక్క గుంజు గుంజేసరికి రుమాలు మూరలకు మూరలు ఊడి బండిమీద పడింది. అందులోంచి మడతపెట్టిన నోటు జారి, సొట్టబిందెలో పడింది.

"గిదేందిరో! రాత్రికి రాత్రి నీ నెత్తిమీద నోటు మొలిచిందా?" సత్తమ్మ నోటు పైకెత్తి అందరికీ చూపించింది.

హనుమండ్లు బోడితల గోక్కున్నాడు. "లింగన్న ఇచ్చిండక్కా. మిషను గూడ ఆయనదే. యాదవ్వ ఎంతకడిగినా ఇచ్చెయ్యి, పైసలైతే ఖర్సు గావాలె అన్నడు. మీ గది పంచాయితి నాకెందుకు!"

"అంటే నీ బోణి లింగన్నతోటి అయింది." యాదవ్వ చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. "నా మాట బోణిమాట గాదు. నాకు కట్టు లేదు. నలుగురు ఇన్నరు గద?"

"ఇన్నం!" అంది సత్తమ్మ, అందరి తరఫునా.

కట్టు తెగింది. కానీ మిషను అక్కడే ఉంది. పూలతీగ మీద ఎండ పడి మెరుస్తోంది. హనుమండ్లు రుమాలు చుట్టుకుంటూ గొంతు తగ్గించాడు.

"ఎవడి తిప్పలు ఎట్లున్నా మిషను మాత్రం అసలుది. ఇప్పటికీ ముప్పైకే ఇస్త. ఇట్లాంటిది మల్ల దొరకదు."

అది నిజమని ఆమెకు తెలుసు. ఆమె చెయ్యి మళ్ళీ చక్రం మీదికి చేరింది. ఆ ఇనుప చల్లదనం అరచేతిలోకి పాకుతోంది. ఆమె వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దు."

"నిజంగ వద్దా?"

"వద్దన్న గద!" అంది. ఆ మాట రుచి బాగున్నట్టు, ఇంకోసారి అంది. "వద్దు. పో."

గంట మోగించుకుంటూ బండి మలుపు తిరిగింది. యాదవ్వ పిడికిట్లో ఖాకీ కండె మిగిలింది.

ఆనందమ్మ అరుగుమీద లింగమూర్తి నూనె రాసిన జుట్టుతో, కాలుమీద కాలు వేసుకొని కూర్చున్నాడు. యాదవ్వను చూసి కాలు దించాడు. ఆమె బొడ్డుసంచి విప్పుతుంటే నోరు తెరిచాడు.

"పైసలు ఉన్నయా?"

"ఉండకపోతే ఎట్ల లింగన్నా?" అతని ఒళ్ళో కండె పడేసింది. "నీ దారం మిషన్ల మర్సిపోయినవ్."

లింగమూర్తి లేచి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఆనందమ్మ సొమ్ము లెక్కపెట్టకుండానే కొంగున కట్టుకొని తాళంచెవి ఇచ్చింది. "దేవుని దయతోటి నీకే దక్కింది బిడ్డా. నీ చుట్టాలను తెచ్చుకో."

తెచ్చుకుంది. సత్తమ్మ ఒకటి, బొగ్గుబాయి కాలనీ ఆడవాళ్ళు ఒక్కొక్కటి నెత్తిన పెట్టుకొని స్టేషన్ రోడ్డు మీద వరసగా నడిచారు. టీ బంకు దగ్గరివాళ్ళు గ్లాసులు పట్టుకొని నిలబడిపోయారు. "ఏం పెండ్లే సత్తమ్మా?" అని ఎవరో అరిచారు. "పిల్ల నెత్తిమీదనే ఉన్నది, పిలగాన్ని చూస్తున్నం, నువ్వొస్తవా?" అంది సత్తమ్మ.

ఏళ్ళుగా ఒక్కొక్కటిగా తిరిగిన చక్రాలు ఆ మధ్యాహ్నం అన్నీ ఒకేసారి తిరిగాయి. గోడలు దద్దరిల్లాయి. ఆ చప్పుడులో యాదవ్వ ఏం చెబుతోందో ఎవరికీ వినబడలేదు. ఆమె నవ్వుతూ చెబుతూనే ఉంది.

ఆనందమ్మ ఎప్పుడు లేచిందో గమనించలేదు. ట్రంకుపెట్టె రిక్షాలోకి ఎక్కాక, గడపలో నిలబడి ఉంది. యాదవ్వ లేవబోయింది.

"స్టేషన్ దాకా వస్తనమ్మా."

"వద్దు బిడ్డా, నడిచే మిషను ఆపకు. పోయొస్త." గదినంతా ఒకసారి కళ్ళతో చూసుకొని వెళ్ళిపోయింది.

కాసేపటికి కాజీపేట వైపు బండి కూత వేసి కదిలింది. ఆడవాళ్ళు చేతులు ఆపారు. నేల సన్నగా అదిరింది, తర్వాత నిశ్శబ్దం. యాదవ్వ తలెత్తింది. మధ్య దూలానికి, ఆనందమ్మ ఊళ్ళో సగం మంది పసిపిల్లలను తూచి, ఇప్పుడు వదిలి వెళ్ళిన గుడ్డ జోలె వేలాడుతోంది. ఒకవైపు కుట్టు విడిపోయి, తెల్లదారం పోగు కిందికి జారి, రైలు వెళ్ళిన అదురుకు మెల్లగా ఊగుతోంది.