నా ముందు నడవకు

కొండ నడక చివరి రోజు పొద్దున కూడా పడక సంచులు చుట్టింది ఆమే. ముందు తనది, తర్వాత భర్తది. అతనిది చుట్టేటప్పుడు మోకాలు పెట్టి గాలంతా అదిమి పంపాలి, లేకపోతే కవర్లో పట్టదు. ఆ పని తనకు చేతకాదని అతను మొదటి రోజే తేల్చేశాడు. చేతకాదన్న మాట అతను ఎంత హాయిగా అనగలడో ఆమెకు పెళ్ళయినప్పటి నుంచీ తెలుసు. సంచుల పని అయ్యాక వాగు దగ్గరికి వెళ్ళి అందరి సీసాల్లో నీళ్ళు పట్టింది, అతని బీపీ మాత్ర తీసి చేతిలో పెట్టింది, తోటికోడలి మడమ మీద చితికిన బొబ్బకు కట్టు మార్చింది. అతను టీ గ్లాసు పట్టుకుని కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె బూట్ల లేసులు బిగించుకుంటుంటే పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఇవాళైనా నా ముందు నడవకు. నలుగురూ చూస్తున్నారు."

ఆ నలుగురూ ఎవరంటే, అతని తమ్ముడు, తమ్ముడి భార్య, దారి చూపించే గైడు. నాలుగో మనిషి కోసం ఆమె ఎంత వెతికినా తను తప్ప ఎవరూ కనిపించలేదు.

కొండ మీది ఆ పాత నగరాన్ని కాలినడకన చేరాలన్నది అతని కోరిక. ఆఫీసులో ఎవరో వెళ్ళొచ్చి ఫోటోలు చూపించారట, అప్పటి నుంచీ ఇంట్లో అదే మాట. ఖరీదైన బూట్లు కొన్నాడు, హాల్లో వాటితో అటూ ఇటూ తిరిగాడు, నేల మీద పడ్డ బూట్ల గుర్తులు ఆమె తుడిచింది. ఆమెను ఎందుకు తీసుకెళ్తున్నావని అత్తగారు అడిగితే, నా మాత్రలూ తిండీ ఎవరు చూస్తారన్నాడు. "మధ్యలో కూలబడిందంటే నీకే చాకిరీ" అంది అత్తగారు, కోడలు అక్కడే కూరగాయలు తరుగుతుండగా. ఆస్పత్రి వార్డులో పొద్దంతా మంచాల మధ్య తిరిగి, ఇంటికొచ్చి లిఫ్టు లేని మూడంతస్తులు సరుకుల సంచులతో ఎక్కే మనిషి కాళ్ళ గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే ఆమె కూడా ఆలోచించలేదు. మొదటి రోజు ఎత్తు మొదలయ్యాక కాళ్ళు వాటంతటవే సాగిపోయాయి. ఒక మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే మిగతావాళ్ళు ఎక్కడో కింద చుక్కల్లా ఉన్నారు. ఆమెకు నవ్వొచ్చింది. ఎవరూ వినని చోట, గట్టిగానే నవ్వింది.

ఆ సాయంత్రం గైడు మామూలుగానే అన్నాడు, అమ్మగారు భలే నడుస్తున్నారని. ఆ మాట భర్తకు గొంతులో ముల్లయి కూర్చుంది. ఆస్పత్రిలో పరుగులు పెట్టించడం మంచిదే అయిందని ఒకసారి, అంత తొందరేమిటి, పైన నీకోసం రాజుగారు కాచుకుని ఉన్నారా అని ఇంకోసారి హాస్యమాడాడు. మరిది నవ్వాడు. మర్నాటి నుంచి ఆమె ఊడని లేసులు కట్టుకోవడానికి ఆగింది. దాహం లేకుండా నీళ్ళు తాగింది. ఏదో గడ్డిపువ్వును పట్టుకుని, దానిలో చూసేదేమీ లేకపోయినా, అతను దాటి వెళ్ళేదాకా చూస్తూ నిలబడింది.

నడక వచ్చిన కాళ్ళను రానట్టు నడిపించడం కొండ ఎక్కడం కంటే కష్టమని ఆమెకు అప్పుడు తెలిసింది. తెలిశాక కోపం మొదలైంది. ముందు అతని మీద, ఆ తర్వాత వెనక్కి వెనక్కి పోయింది. కారులో దారి తప్పుతున్నామని తెలిసి కూడా అతనే కనుక్కునేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్న ప్రయాణాలు గుర్తొచ్చాయి. మామగారి రిపోర్టు చూడగానే జబ్బేమిటో అర్థమైనా, అతను డాక్టరును అడిగొచ్చి తనకు వివరిస్తుంటే అవునా అని వింది. వార్డులో కుర్ర డాక్టరు మందు మోతాదు తప్పు రాస్తే తప్పని అనకూడదు. సార్, ఇది ఒక్కసారి చూస్తారా అని అడగాలి, ఆయనే కనిపెట్టినట్టు ఉండాలి. ఇంటా బయటా ఎన్నేళ్ళుగా ఊడని లేసులు కట్టుకుంటోందో తలుచుకుంటే ఆమె చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్ళూ దాన్ని ఓర్పు అనుకుంది. అందరూ అదే పేరు పెట్టారు కాబట్టి.

చివరి ఎత్తు మొదలయ్యే ముందు అతనికి ఆయాసం వచ్చింది. అడక్కుండానే తన బ్యాగు తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె తన బ్యాగు వీపున, అతనిది ఛాతీ మీద తగిలించుకుంది. అదే చోట ఫోనులకు సిగ్నల్ అందింది. కుంటుకుంటూ పక్కకు చేరిన తోటికోడలు, ఇది చూశావా అక్కా అని తన ఫోను చూపించింది. కుటుంబం గ్రూపులో అతను అప్పుడే రాశాడు: మా ఆవిడని ఎలాగో లాక్కొస్తున్నాను. కింద చప్పట్ల బొమ్మలు. వాటి కింద అత్తగారు: దాన్ని మోసి నీ నడుం పాడుచేసుకోకు నాన్నా.

ఆమె ఫోను తిరిగిచ్చేసింది. రెండు బ్యాగుల పట్టీలూ బిగించింది. ఆ తర్వాత ఆగలేదు.

రాతిలో తొలిచిన మెట్లు, అరిగి పల్లంపడ్డ మెట్లు. వెనక నుంచి పేరు పెట్టి పిలిచాడు, రెండోసారి ఇంకాస్త గట్టిగా. ఆమె ఊపిరి తన లెక్కలో తను ఆడుతోంది. మెట్లు అయిపోయిన చోట రాతి ద్వారం, ద్వారం అవతల నగరం. వరసగా ఇళ్ళ గోడలు, నిలబడ్డ గుమ్మాలు, ఒక్కదానికీ పైకప్పు లేదు. ఏ గదిలోకి చూసినా ఆకాశం దిగి ఉంది. ఆమె బ్యాగులు దించి గోడ మీద కూర్చుని, ఎవరినీ తలుచుకోకుండా, చాలాసేపు చూసింది.

అతను వచ్చేసరికి మొహం కందిపోయి ఉంది. వెనక తమ్ముడు, తమ్ముడి భార్య, గైడు. ఆయాసం తగ్గాక అతను మొదట అడిగింది ఫోటో. ద్వారం పైమెట్టు మీద నిలబడి, మరదలి చేతికి ఫోనిచ్చి, భార్యను పిలిచాడు.

"నువ్వు రెండు మెట్లు కిందికి దిగు. చెయ్యి ఇవ్వు. నేను పైకి లాగుతున్నట్టు రావాలి."

అందులో వింతేమీ లేనట్టే చెయ్యి చాపాడు. మరిది పక్కకు జరిగాడు. ఆమె గోడ దిగి వచ్చి, అతని పక్కనే, అదే మెట్టు మీద నిలబడింది.

"మీరు దిగండి. నేను లాగుతాను. జరిగింది అదే కదా."

తోటికోడలు ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. మరిది కొండల వైపు తిరిగాడు. అతను చాపిన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దాన్నేం చేయాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. చిరునవ్వు చెదరకుండా, పెదాలు కదలకుండా అన్నాడు.

"ఇంటికెళ్ళాక మాట్లాడదాం."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. పెళ్ళిళ్ళలో, అతని ఆఫీసు విందుల్లో, ఒకసారి ఆమె వార్డు ముందే, ఇదే చిరునవ్వుతో అన్నాడు. అన్న ప్రతిసారీ ఆ క్షణం నుంచి ఆమెకు తిన్నది రుచి తెలిసేది కాదు. దారి పొడుగునా కారులో మౌనం, ఇంటికి చేరగానే తలుపు గడియ, కిటికీలు మూసిన చప్పుడు, ఆ తర్వాత పక్కింటికి వినపడనంత తగ్గు గొంతుతో అతను అనే మాటలు. కొట్టలేదు ఎప్పుడూ. కొట్టలేదని ఆమె అమ్మకు కూడా గొప్పగా చెప్పుకుంది. ఆ మాటలు మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అవి విన్నది ఆమె ఒక్కతే.

"ఇక్కడే మాట్లాడండి" అంది.

అతను తమ్ముడి వైపు చూశాడు, గైడు వైపు చూశాడు. "వీళ్ళంతా ఉన్నారు" అన్నాడు.

"ఉన్నారు. గదిలో నాతో ఏ మాటలంటారో, అవే అనండి. నేను వింటాను. ఇంట్లో అయితే ఇక వినను."

తోటికోడలు ఫోను దించేసి, కుంటుతూ వచ్చి ఆమె పక్కన నిలబడింది. అతను నోరు తెరిచాడు. ఏళ్ళ తరబడి తడుముకోకుండా అన్న మాటల్లో ఒక్కటి కూడా బయటికి రాలేదు.